వేడి హైడ్రోజన్ ఒత్తిడికి లోహం తట్టుకుంటుందా? పరీక్షించే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

పైడిభీమవరం దగ్గర జాతీయ రహదారి పక్కన ఉన్న మందుల కర్మాగారాల్లో పనిచేసే యువ ఇంజనీర్లు, విజయనగరంలో మెకానికల్, మెటలర్జీ చదివే విద్యార్థులు నన్ను తరచూ ఒకే ప్రశ్న అడుగుతుంటారు: "ఈ స్టీలు హైడ్రోజన్‌కు తట్టుకుంటుందా?" ప్రశ్న మంచిదే గాని అది సగం ప్రశ్న. ఎంత వేడిలో, ఎంత ఒత్తిడిలో, ఎన్ని గంటలు, ఎంత బలం మోస్తూ అన్న నాలుగు సంగతులు తేలితే తప్ప దానికి జవాబు ఉండదు. ఆ నాలుగూ తేల్చుకొని పరీక్షను ఎలా నిర్వహించాలో ఈ వ్యాసంలో వరసగా చెబుతాను. మన ప్రాంతానికి ఇది దూరపు విషయమేమీ కాదు. మందుల తయారీలో హైడ్రోజనేషన్ రియాక్టర్లు, అంటే పదార్థానికి హైడ్రోజన్ కలిపే పాత్రలు, రోజూ నడుస్తున్నాయి, విశాఖ రిఫైనరీలో హైడ్రోజన్ వాడే యూనిట్లు ఉన్నాయి, అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్‌టీపీసీ హరిత హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరి 8న శంకుస్థాపన కూడా జరిగింది. ఈ పనులకు కావలసిన పరీక్షలు చేయగలిగిన చేతులు మన జిల్లాల్లోనే తయారు కావాలని నా కోరిక.

ముందుగా ఒక మాట గట్టిగా చెప్పాలి. నమూనా పాడైనప్పుడు ఆ నష్టం హైడ్రోజన్ చేసిందా, కేవలం వేడి చేసిందా అని విడదీసి చూపలేని పరీక్షను పరీక్షగా లెక్కించకూడదు. కింద చెప్పే ప్రతి జాగ్రత్తా చివరికి ఆ విభజన కోసమే.

రెండు జబ్బులను వేరుగా చూడడం

హైడ్రోజన్ లోహాన్ని రెండు వేర్వేరు దారుల్లో పాడుచేస్తుంది. ఈ రెండింటినీ కలగలిపి మాట్లాడడం వల్లే సగం పరీక్షలు దారి తప్పుతాయి.

మొదటిది వేడి మీద జరిగే దాడి. సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దాటిన తరవాత, తగినంత ఒత్తిడి ఉంటే, హైడ్రోజన్ అణువు ఉక్కు ఉపరితలం మీద పరమాణువులుగా విడిపోయి లోపలికి చొరబడి, అక్కడ కార్బైడు రూపంలో ఉన్న కర్బనంతో కలిసి మీథేన్‌గా మారుతుంది. హైడ్రోజన్ పరమాణువు చిన్నది కనుక లోహపు అల్లికలోంచి వచ్చిపోగలదు గాని, మీథేన్ అణువుకు ఆ దారి లేదు. అది లోహంలోని స్ఫటిక రేణువుల సరిహద్దుల వెంట బుడగలుగా చిక్కుకొని, ఒత్తిడి పెంచుకుంటూ, పక్క బుడగలతో కలిసి, ఎండిన చెరువులో మట్టి నెర్రెలిచ్చినట్లు ఉక్కును లోపలి నుంచి విడదీస్తుంది. ఈ నష్టం శాశ్వతం. పాత్రను చల్లార్చినా, గ్యాసు వదిలేసినా అది పోదు.

రెండవది మామూలు ఉష్ణోగ్రత దగ్గర, బలం మోస్తున్నప్పుడు కనిపించే పెళుసుదనం. ఇక్కడ రసాయన మార్పు జరగనవసరం లేదు, లోపల కరిగి ఉన్న హైడ్రోజనే ఉక్కు సాగే గుణాన్ని హరిస్తుంది. 1875లో విలియం జాన్సన్ అనే ఆయన ఆమ్లంలో ముంచిన ఇనుప తీగ పెళుసుబారుతుందని, కొంతకాలం బయట ఉంచితే మళ్లీ మెత్తబడుతుందని రాయల్ సొసైటీకి తెలియజేశాడు. ఆ తీగకు జరిగింది ఇదే. పగులు పడకముందే హైడ్రోజన్ బయటికి పోతే లోహం తేరుకుంటుంది.

మొదటి జబ్బును పరిశ్రమ తెలుసుకున్న తీరు గుర్తుంచుకోదగినది. జర్మనీలో కార్ల్ బోష్ బృందం అమోనియా తయారీకి అధిక ఒత్తిడి పాత్రలను తొలిసారి కట్టినప్పుడు, ఉక్కు గొట్టాలు దాదాపు 80 గంటలకే పగిలిపోయాయి. కోసి చూస్తే లోపలి గోడలో కర్బనం మాయమై ఉంది. బోష్ లోపల మెత్తని ఇనుప తొడుగు పెట్టి, ఒత్తిడి మోసే బయటి ఉక్కు గోడకు సన్నని రంధ్రాలు వేయించాడు. తొడుగులోంచి ఊరి వచ్చిన హైడ్రోజన్ ఆ రంధ్రాల గుండా బయటికి పోయేది గాని ఉక్కులో పేరుకునేది కాదు. 1913లో ఓపావ్ కర్మాగారం ఆ ఉపాయం మీదే నిలబడింది.

ఇంత చరిత్ర తెలిశాక కూడా ప్రమాదాలు ఆగలేదు. 2010 ఏప్రిల్ 2న అమెరికాలోని అనకోర్టస్ రిఫైనరీలో కార్బన్ స్టీలు ఉష్ణవినిమయ పాత్ర ఒకటి చీలిపోయి ఏడుగురు మరణించారు. అప్పటి పరిశ్రమ ప్రమాణం ప్రకారం క్షేమమైనదని భావించిన హద్దు లోపలే అది నడిచిందని దర్యాప్తులో అంచనా వేశారు. ఈ పరీక్షలను అజాగ్రత్తగా చేయడానికి మనకు హక్కు లేదని చెప్పడానికి ఆ ఒక్క సంఘటన చాలు నాకు.

మొదటి మెట్టు: పని పరిస్థితిని కాగితం మీద పెట్టడం

పాత్ర గేజి చూపే మొత్తం ఒత్తిడిని తీసుకోకూడదు, హైడ్రోజన్ వాటా ఒత్తిడిని లెక్కించాలి. ఉదాహరణకు గేజి 35 బార్ చూపుతోంది, వాయువులో హైడ్రోజన్ 75 శాతం ఉందనుకుంటే, వాతావరణపు ఒక బార్ కలిపి 36 బార్ నిజ ఒత్తిడి, అందులో హైడ్రోజన్ వాటా 27 బార్. ఉష్ణోగ్రత విషయంలో వాయువు ఉష్ణోగ్రతను గాక లోహపు ఉష్ణోగ్రతను, అందులోనూ అన్నిటికంటే వేడెక్కే చోటి విలువను రాసుకోవాలి. వెల్డు ఉందా, ఉంటే వెల్డింగ్ తరవాత వేడిచేసి లోపల మిగిలిన బిగువును సడలించారా అన్నది తప్పక తెలుసుకోవాలి.

ఈ అంకెలు చేతికి వచ్చాక నెల్సన్ వక్రరేఖలు చూడాలి. జార్జ్ నెల్సన్ 1949లో కర్మాగారాల అనుభవాన్ని పోగుచేసి, ఏ ఉక్కు ఏ ఉష్ణోగ్రత దగ్గర ఎంత హైడ్రోజన్ ఒత్తిడి దాకా నిలబడిందో గీసి చూపాడు. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ వారి ఏపీఐ 941 పత్రం 1970 నుంచి వాటిని సవరిస్తూ ప్రచురిస్తోంది. సగం శాతం మాలిబ్డినం ఉన్న ఉక్కుకు ఒకప్పుడు ప్రత్యేక రేఖ ఉండేది. క్షేమమనుకున్న హద్దులోనే నష్టాలు బయటపడడంతో 1990లో దాన్ని తొలగించారు. తరవాత 2016 ముద్రణలో, వెల్డింగ్ తరవాత వేడి చికిత్స చేయని కార్బన్ స్టీలుకు ఇంకా తక్కువ హద్దుతో వేరే రేఖ చేర్చారు. అంటే ఈ రేఖలను అనుభవం పెరిగేకొద్దీ కిందికి దిగిన హద్దులుగా చూడాలి గాని, ప్రకృతి గీసిన గీతలుగా చూడకూడదు.

ఇక్కడే ఒక తీర్పు చెప్పుకోవాలి. మందుల కర్మాగారాల్లో హైడ్రోజనేషన్ చాలావరకు 150 డిగ్రీల లోపే నడుస్తుంది. అటువంటి రియాక్టరుకు మీథేన్ దాడి కోసం పరీక్ష చేయించడం డబ్బు దండగ. అక్కడ చూడవలసినవి గట్టిదనం ఎక్కువగా ఉన్న బోల్టులు, స్ప్రింగులు, చల్లగా పనిచేసి గట్టిపడిన స్టెయిన్‌లెస్ భాగాలు, ఇంకా రబ్బరు ఓ-రింగులు. ఓ-రింగు ఒత్తిడిలో హైడ్రోజన్‌ను పీల్చుకొని, ఒక్కసారిగా ఒత్తిడి వదిలినప్పుడు లోపలి వాయువు ఉబ్బి బొబ్బలెక్కి చీలుతుంది. దానికి పరీక్ష వేరు. ఒత్తిడిలో నానబెట్టి, వేగంగా దింపి, కోసి చూడడమే. రిఫైనరీ పాత్రల విషయంలో మాత్రం రెండు జబ్బులనూ పట్టించుకోవాలి.

రెండవ మెట్టు: పరీక్ష రకం ఎంచుకోవడం

మీథేన్ దాడి తెలియాలంటే నమూనాలను వేడి హైడ్రోజన్‌లో నానబెట్టి, తరవాత బయటికి తీసి పరీక్షిస్తే సరిపోతుంది, ఎందుకంటే ఆ నష్టం ఎక్కడికీ పోదు. పెళుసుదనం తెలియాలంటే హైడ్రోజన్ చుట్టూ ఉండగానే నమూనాను విరిగేదాకా లాగాలి. అధిక ఒత్తిడిలో, అధిక ఉష్ణోగ్రతలో, లేదా రెండూ ఉన్నప్పుడు లాగి చూసే పద్ధతికి అమెరికా ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం వారి జీ142, మెల్లగా లాగే పద్ధతికి జీ129 ప్రమాణాలు ఉన్నాయి. రియాక్టరు లోపల స్టెయిన్‌లెస్ పూత అతుక్కొని ఉంటుందా, ఊడుతుందా అన్నదానికి జీ146 ఉంది. హైడ్రోజన్ సిలిండర్ల ఉక్కుకు ఐఎస్ఓ 11114-4 కింద పలుచని బిళ్లను ఒకసారి హీలియంతో, ఒకసారి హైడ్రోజన్‌తో పగలగొట్టి, రెండు పగులు ఒత్తిడుల నిష్పత్తి చూసే పద్ధతి ఒకటి ఉంది. ఈ బిళ్ల పరీక్ష నాకు ప్రత్యేకంగా ఇష్టం. తక్కువ లోహంతో, తక్కువ సమయంలో, హీలియంతో పోల్చి మరీ జవాబు చెబుతుంది. పోలిక దాని నిర్మాణంలోనే ఉంది.

మూడవ మెట్టు: నమూనాలు తయారుచేయడం

లోహం ఏ పలక నుంచి, ఏ దిశలో కోశారో, దాని రసాయన సమ్మేళనం, వేడి చికిత్స, గట్టిదనం రాసి పెట్టకుండా కోతకు దిగకూడదు. వెల్డు ఉంటే మూల లోహం, వెల్డు లోహం, వాటి మధ్య వేడి సోకిన పట్టీ మూడింటి నుంచీ నమూనాలు తీయాలి. దాడి తరచూ మొదలయ్యేది ఆ మధ్య పట్టీలోనే.

వైర్‌కట్ (తీగ నుంచి వచ్చే విద్యుత్ మెరుపులతో కోసే యంత్రం) మీద కోస్తే అంచున కరిగి గడ్డకట్టిన పలుచని పొర మిగులుతుంది. దాన్ని పూర్తిగా రుద్ది తీసేయాలి. లేత్ మీద చివరి కోతలు సన్నగా, చల్లార్చే ద్రవంతో వేయాలి. ఆ తరవాత ఎమరీ కాగితంతో నమూనా పొడవు దిశలోనే రుద్దాలి. అడ్డంగా గీతలు మిగిలితే పగులు వాటి నుంచి మొదలై, హైడ్రోజన్ ప్రభావం కాస్తా మన చేతి నాణ్యత పరీక్షగా మారిపోతుంది.

తుప్పు, పొలుసు తీయడానికి ఆమ్లం వాడకూడదు. ఈ ఒక్క వాక్యం కోసం నేను ఒకసారి మూడు వారాలు పోగొట్టుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, నమూనాల మీది పొలుసు త్వరగా పోవాలని ఆమ్లంలో ముంచి కడిగి, అదే రోజు ఆర్గాన్‌లో, అంటే లోహంతో కలవని జడ వాయువులో, లాగించాను. హైడ్రోజన్ ఒక్క బుడగ కూడా లేని పాత్రలో నమూనాలు పెళుసుగా విరిగాయి. వాయువు తప్పనీ, యంత్రం తప్పనీ వెతికి వెతికి చివరికి ఆమ్లపు తొట్టె దగ్గరికి వచ్చాను. జాన్సన్ తీగకు జరిగిందే నా నమూనాలకూ జరిగింది. పోలిక నమూనాలు వేరుగా లేకపోయి ఉంటే, ఆ ఫలితాన్ని హైడ్రోజన్ ఖాతాలో రాసి పంపించేసి ఉండేవాణ్ని.

అసిటోన్‌తో జిడ్డు పోగొట్టి, ఆరబెట్టి, ఆ తరవాత చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకూడదు. మన తీరప్రాంతపు తేమలో శుభ్రమైన ఉక్కు ఒక్క రాత్రిలో పసుపు మచ్చలు పడుతుంది, అందుకే తేమ పీల్చే గుళికలున్న మూతపాత్రలో ఉంచాలి. ప్రతి స్థితికీ కనీసం మూడు నమూనాలు హైడ్రోజన్‌కు, మూడు ఆర్గాన్‌కు, ఇంకా ఏమీ చేయని మూడింటిని పక్కన పెట్టుకోవడం నా పద్ధతి. నమూనాను పాత్రలో పెట్టకముందే దాని అడ్డుకొలతను (వ్యాసాన్ని) మైక్రోమీటరుతో మూడు చోట్ల కొలిచి రాయాలి.

నాలుగవ మెట్టు: పాత్ర, గొట్టాలు, గది

ఈ మెట్టు దగ్గర తొందరపడే వారు దయచేసి ఈ పనికి దిగవద్దు. లోపల 1 లీటరు ఖాళీ ఉన్న చిన్న పాత్రలో 200 బార్ ఒత్తిడి ఉంటే, అది ఒక్కసారిగా విడుదలైనప్పుడు వాయువు వ్యాకోచంతోనే దాదాపు 39 కిలోజౌళ్ల శక్తి బయటపడుతుంది. 60 కిలోల మనిషిని సుమారు 65 మీటర్ల ఎత్తుకు ఎత్తగలిగిన శక్తి అది. హైడ్రోజన్ మండడం ఇందులో కలపలేదు. కళాశాలలో దొరికిన గొట్టానికి రెండు మూతలు వెల్డు చేసి పరీక్షపాత్ర అనుకోవడం ఎట్టి పరిస్థితిలోనూ జరగకూడదు. డిజైన్ లెక్క, నీటి ఒత్తిడి పరీక్ష ధ్రువపత్రం, పేరుపలక ఉన్న ఆటోక్లేవు (అధిక ఒత్తిడికి కట్టిన మూతపాత్ర) మాత్రమే వాడాలి. సిలిండర్ల నిల్వకు గ్యాస్ సిలిండర్ల నియమాలు, 2016 వర్తిస్తాయి.

పాత్ర తన లోపల ఉన్న హైడ్రోజన్‌కు తానే లోబడకుండా ఉండాలి. తక్కువ ఉష్ణోగ్రతలకు 316 రకం స్టెయిన్‌లెస్, ఎక్కువ వాటికి నికెల్ మిశ్రలోహాలు వాడతారు. పగిలి ఒత్తిడి వదిలే బిళ్ల, దాని నుంచి కప్పు పైదాకా ఉక్కు గొట్టం, రెండు వాల్వుల మధ్య గాలిలోకి తెరిచే మూడో వాల్వు తప్పనిసరి. గాస్కెట్టు రాగిది వాడేటట్లయితే ఆక్సిజన్ లేని రాగినే కొనాలి. మామూలు రాగిలో కొద్దిగా ఆక్సైడు ఉంటుంది, వేడి హైడ్రోజన్ దాన్ని నీటి ఆవిరిగా మార్చి రాగిని లోపలి నుంచే పగలగొడుతుంది. మీథేన్ ఉక్కులో చేసే పనినే ఆవిరి రాగిలో చేస్తుందన్నమాట.

హైడ్రోజన్ గాలిలో 4 నుంచి 75 శాతం మధ్య ఎంత ఉన్నా అంటుకుంటుంది, అంటుకోవడానికి కావలసిన మెరుపు అత్యల్పం. అది పైకి పోయే వాయువు కనుక గదికి ఫాల్స్ సీలింగ్ ఉండకూడదు, కప్పు కింద అత్యంత ఎత్తైన చోట డిటెక్టరు, అక్కడే గాలి బయటికి పోయే మార్గం ఉండాలి. 1 శాతం దగ్గరే అలారం మోగేలా పెట్టుకోవాలి. దాని మంట పగటివేళ దాదాపు కనిపించదు. జ్వాలను గుర్తించే పరికరాలు రాకముందు కార్మికులు పొడవాటి చీపురు ముందుకు చాచి నడిచి, చీపురు అంటుకుంటే అక్కడ మంట ఉందని తెలుసుకునేవారు. సిలిండరు ఎర్రరంగులో, దాని వాల్వు మర ఎడమవైపు తిరిగేదిగా ఉంటుంది. మరేదైనా అడాప్టరు పెట్టి కలపాలని చూడకండి. వేడి, ఒత్తిడి ఉన్నంతసేపు మనుషులు గోడకు అవతల ఉండి నడపాలి.

ఐదవ మెట్టు: లీకు పరీక్ష, గాలి తీసివేత

ముందు నైట్రోజన్‌తోనో హీలియంతోనో పని ఒత్తిడికి నింపి, సబ్బునీళ్లతో ప్రతి కీలు దగ్గరా చూసి, రాత్రంతా వదిలేయాలి. పొద్దున గేజి తగ్గితే వెంటనే లీకు అనుకోకూడదు. గది ఉష్ణోగ్రత 35 నుంచి 27 డిగ్రీలకు పడితే ఒత్తిడి రెండున్నర శాతం దాకా దానంతటదే తగ్గుతుంది. ఉష్ణోగ్రత సవరణ చేశాకే తీర్పు చెప్పాలి.

గాలి తీసివేతకు వాక్యూమ్ పంపు లేకపోతే, నైట్రోజన్‌ను గేజి మీద 10 బార్ దాకా నింపి వదలడం ఒక చుట్టు. నిజ ఒత్తిడి 11 నుంచి 1కి దిగుతుంది కనుక ప్రతి చుట్టుకూ ఆక్సిజన్ పదకొండో వంతుకు పడుతుంది. గాలిలోని 21 శాతంతో మొదలుపెడితే మూడు చుట్లకు దాదాపు 158 పీపీఎం (పది లక్షల్లో 158 వంతులు), నాలుగుకు 14, ఐదుకు 1.3 మిగులుతుంది. మూడు చుట్లతో ఆపేవారిని చాలామందిని చూశాను. ఆ మిగిలిన ఆక్సిజన్ పేలుడుకు చాలదు గాని పరీక్షను అబద్ధం చేయడానికి చాలు. కొద్ది పీపీఎంల ఆక్సిజన్ కూడా ఉక్కు ఉపరితలాన్ని పట్టుకొని హైడ్రోజన్ లోపలికి పోకుండా అడ్డుకుంటుంది, నమూనా బలంగా ఉన్నట్లు కనిపిస్తుంది. కనుక ఐదు చుట్లు నైట్రోజన్‌తో, ఆ తరవాత మరో మూడు నాలుగు చుట్లు 99.999 శాతం శుద్ధ హైడ్రోజన్‌తో చేయాలి.

ఆరవ మెట్టు: నింపడం, వేడిచేయడం

మార్కెట్లో దొరికే హైడ్రోజన్ సిలిండరులో సుమారు 150 బార్ ఉంటుంది. 200 బార్ దగ్గర పరీక్ష కావాలంటే కంప్రెసరు తప్పదని చాలామంది అనుకుంటారు. మూసిన పాత్రను వేడిచేస్తే ఒత్తిడి దానంతటదే పెరుగుతుంది కనుక, 27 డిగ్రీల దగ్గర 89 బార్ నింపి 400 డిగ్రీలకు తీసుకెళితే దాదాపు 200 బార్ వస్తుంది. 300 కెల్విన్ నుంచి 673 కెల్విన్‌కు అదే నిష్పత్తి. గేజి, గొట్టాలు బయట చల్లగా ఉంటాయి కనుక అసలు ఒత్తిడి కొంచెం తక్కువే వస్తుంది, దాన్ని చూసి కొద్దికొద్దిగా సరిదిద్దుకోవాలి. ఇదే లెక్క తలకిందులుగా కూడా గుర్తుండాలి. పొరపాటున 150 బార్ నింపి 400 డిగ్రీలకు వెళితే పాత్రలో 330 బార్ దాటుతుంది.

ఉష్ణోగ్రతను కొలిమి మీద గాక నమూనాకు ఆనించిన థర్మోకపుల్‌తో (వేడిని కొలిచే తీగల జంటతో) కొలవాలి. హైడ్రోజన్ వేడిని ఆర్గాన్ కంటే దాదాపు పదింతలు బాగా మోస్తుంది. కాబట్టి కొలిమిని ఒకే అంకె మీద పెట్టి ఒకసారి హైడ్రోజన్, ఒకసారి ఆర్గాన్ నడిపితే రెండు నమూనాలు రెండు ఉష్ణోగ్రతల్లో ఉంటాయి. పోలిక అక్కడే కూలిపోతుంది. కొలిమి అంకె వేరైనా పరవాలేదు, నమూనా అంకె ఒకటి కావాలి.

పోలిక ఎందుకంత ముఖ్యమో ఒక ఉదాహరణ చెబుతాను. 2.25 శాతం క్రోమియం, 1 శాతం మాలిబ్డినం ఉన్న రియాక్టరు ఉక్కు, సుమారు 370 నుంచి 575 డిగ్రీల మధ్య ఎక్కువకాలం ఉంటే, హైడ్రోజన్ ప్రమేయం లేకుండానే ఫాస్ఫరస్, తగరం వంటి మలినాలు రేణువుల సరిహద్దులకు చేరి పెళుసుబారుతుంది. అదే ఉష్ణోగ్రతలో, అన్ని గంటలూ ఆర్గాన్‌లో ఉంచిన జోడు నమూనా లేకపోతే ఏ నష్టం ఎవరిదో దేవుడికే తెలియాలి.

నానబెట్టే కాలం పరీక్ష ఉద్దేశాన్ని బట్టి ఉంటుంది. మీథేన్ దాడికి కొంత నిద్రాకాలం ఉంటుంది, ఆ దశలో నమూనాలో ఏమీ కనిపించదు. అందుకే ఒకే కాలవ్యవధితో సరిపెట్టకుండా 100, 300, 1000 గంటలు అన్నట్లు మూడు దశల్లో నమూనాలు తీయాలి. 1000 గంటలంటే దాదాపు 42 రోజులు. మన దగ్గర ఇటువంటి పరుగును అక్టోబరు మీదుగా పోనివ్వకుండా తేదీలు వేసుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ మన జిల్లాల కరెంటు స్తంభాలను ఏం చేశాయో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. నెల రోజుల పరుగు మధ్యలో చల్లబడితే దాన్ని మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే. కరెంటు పోయినప్పుడు కొలిమి ఆగాలి, వాల్వులు క్షేమస్థితికి మూసుకోవాలి, కరెంటు తిరిగొస్తే కొలిమి తనంతట తాను వెలగకూడదు.

స్టెయిన్‌లెస్ నమూనాల విషయంలో మరో లెక్క. 4 మిల్లీమీటర్ల ఆస్టెనిటిక్ (316 వంటి రకం) స్టెయిన్‌లెస్ కడ్డీ నడిమధ్య దాకా హైడ్రోజన్ ఊరాలంటే 300 డిగ్రీల దగ్గర కొన్ని రోజులు పడుతుంది. గది ఉష్ణోగ్రత దగ్గర అదే పనికి వందల ఏళ్లు కావాలి. ఒక రోజు చల్లటి హైడ్రోజన్‌లో ఉంచి "ఏమీ కాలేదు" అని రాసిన నివేదికలో నిజానికి ఏమీ పరీక్షించలేదు.

ఏడవ మెట్టు: ఒత్తిడి లోపల లాగడం

పెళుసుదనం చూడాలంటే వేగం చాలా తక్కువగా ఉండాలి, ఎందుకంటే పగులు ముందుకు పోయే చోటికి హైడ్రోజన్ వచ్చి చేరడానికి సమయం కావాలి. సెకనుకు పది లక్షల్లో ఒక వంతు సాగేటట్లు పెడితే, 25 మిల్లీమీటర్ల నమూనా గంటకు 0.09 మిల్లీమీటర్లు మాత్రమే సాగుతుంది. 10 శాతం సాగడానికి దాదాపు 28 గంటలు.

ఇక్కడ కొత్తవారు పడే గుంట ఒకటుంది. లాగే కడ్డీ పాత్ర మూతలోంచి బయటికి వస్తుంది, లోపలి ఒత్తిడి దాన్ని నిరంతరం బయటికి నెడుతుంది. కడ్డీ వ్యాసం 12 మిల్లీమీటర్లు, ఒత్తిడి 200 బార్ అయితే ఆ నెట్టుడు సుమారు 2,260 న్యూటన్లు. యంత్రం ఇంకా ఏమీ లాగకముందే 4 మిల్లీమీటర్ల నమూనా మీద అది 180 మెగాపాస్కల్ బలంగా పడుతుంది. బయట ఉన్న లోడ్‌సెల్ (బలం కొలిచే పరికరం) దీన్ని చూపదు. ఒత్తిడి నింపుతున్నంతసేపు ఆ బలాన్ని యంత్రంతో సరిచేస్తూ పోవాలి, లేదా ఒత్తిడిని సమతూకం చేసే కడ్డీ ఉన్న పరికరం వాడాలి. సీలు రాపిడి ఎంతో తెలియడానికి నమూనా లేకుండా కడ్డీని ఒకసారి అదే వేగంతో నడిపి కొలవాలి.

ఎనిమిదవ మెట్టు: చల్లార్చడం, బయటికి తీయడం

మీథేన్ దాడి నమూనాలకు తొందర లేదు. కరిగిన హైడ్రోజన్ ప్రభావం కూడా చూడాలనుకుంటే ఒత్తిడి ఉంచే చల్లార్చాలి, తీసిన వెంటనే ద్రవ నైట్రోజన్‌లో వేయాలి. మామూలు ఉక్కులోంచి హైడ్రోజన్‌లో చాలా భాగం గంటల్లోనే వెళ్లిపోతుంది. టీ తాగి వచ్చాక లాగుదామనుకుంటే లాగేది వేరే లోహాన్నే. ఒత్తిడి వదిలేటప్పుడు మెల్లగా, కప్పు పైకి. మూత తీసే ముందు మళ్లీ నైట్రోజన్ చుట్లు, ఆ తరవాత డిటెక్టరుతో చూడడం మరవకండి.

తొమ్మిదవ మెట్టు: విరిగిన ముక్కలను చదవడం

ముందు వ్యాసాలు కొలవాలి. 4.00 మిల్లీమీటర్ల నమూనా ఆర్గాన్‌లో మెడ సన్నబడి 2.26 దగ్గర విరిగిందనుకుందాం, వైశాల్యం 68 శాతం తగ్గినట్లు. హైడ్రోజన్‌లో అదే ఉక్కు 3.25 దగ్గర విరిగితే తగ్గుదల 34 శాతం. రెండింటి నిష్పత్తి సగం. బలం అంకె రెండింటిలో దాదాపు ఒకటే ఉండవచ్చు, అందుకే బలం చూసి ధైర్యపడకూడదు. హైడ్రోజన్ ముందు దోచుకునేది సాగుదలను.

తరవాత కోత. నమూనాను అడ్డంగా కోసి, రెసిన్‌లో పెట్టి, ఒక మైక్రాన్ దాకా మెరుగుపెట్టి, 2 శాతం నైటాల్‌తో (ఆల్కహాల్‌లో కలిపిన నైట్రిక్ ఆమ్లంతో) కొద్ది సెకన్లు తడపాలి. మైక్రోస్కోపులో మంచి కార్బన్ స్టీలు తెల్లటి ఫెర్రైటు (దాదాపు శుద్ధ ఇనుము) రేణువుల మధ్య నల్లని పెర్లైటు (కార్బైడు ఉన్న భాగం) మచ్చలతో కనిపిస్తుంది. దాడికి గురైన చోట ఆ నల్ల మచ్చలు కరిగిపోయి, వాటి స్థానంలో సరిహద్దుల వెంట సన్నని నల్ల గీతలు, అక్కడక్కడ చుక్కలు దొరుకుతాయి. చుక్కలు బుడగలు, గీతలు అవి కలిసిన నెర్రెలు. ఈ చూపులో రెండు మోసాలున్నాయి. మెరుగు పెట్టేటప్పుడు మెత్తని ఉక్కు పరచుకొని నెర్రెలను పూడ్చేస్తుంది, నైటాల్ ఎక్కువైతే మామూలు సరిహద్దు కూడా నెర్రెలా తెరుచుకుంటుంది. మెరుగు, తడి, మళ్లీ మెరుగు, మళ్లీ తడి అని నాలుగైదుసార్లు చేసి, ప్రతిసారీ అదే చోటికి వచ్చి చూస్తే నిజమైన నెర్రె నిలుస్తుంది, కల్పితమైనది పోతుంది. ఆర్గాన్ నమూనాకూ అదే చేతితో, అన్నే సెకన్లు తడపాలి.

అనుమానం తీరకపోతే ముక్కను ద్రవ నైట్రోజన్‌లో చల్లార్చి విరిచి, ఆ ముఖాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూడాలి. రేణువుల ముఖాల మీద మైక్రాను కంటే చిన్న గుంటలు బారులుగా కనిపిస్తే అవి మీథేన్ కూర్చున్న గూళ్లు. ఉపరితలం నుంచి లోపలికి 0.1 మిల్లీమీటరుకు ఒకటి చొప్పున గట్టిదనం గుర్తులు వేసుకుంటూ పోతే కర్బనం ఎంత లోతుదాకా పోయిందో తెలుస్తుంది. ఉపరితలం ఒక్కటే కర్బనం కోల్పోయి, లోపల నెర్రెలు లేకపోతే అది చాలా తక్కువ తీవ్రత గల విషయం, దాన్ని దాడి అని రాసి యాజమాన్యాన్ని భయపెట్టకూడదు.

పదవ మెట్టు: ఏం రాయాలి, ఏం భద్రపరచాలి

నివేదికలో నమూనా ఉష్ణోగ్రత, హైడ్రోజన్ వాటా ఒత్తిడి, వాయువు శుద్ధి, గాలి తీసివేత చుట్లు, గంటలు, లాగిన వేగం, ఆర్గాన్ జోడు ఫలితం పక్కపక్కనే ఉండాలి. 1000 గంటల్లో నెర్రె కనిపించలేదు అంటే 1000 గంటల్లో కనిపించలేదనే రాయాలి, "20 ఏళ్లకు క్షేమం" అని రాయకూడదు. త్వరగా ఫలితం రావాలని ఉష్ణోగ్రత పెంచి చేసిన పరీక్ష అయితే ఎంత పెంచారో, పెంచిన చోట కూడా జరిగింది అదే రకమైన నష్టమని మైక్రోస్కోపులో రుజువైందో లేదో చెప్పాలి.

విరిగిన రెండు ముఖాలను ఒకదానికొకటి ఆనించి చూడాలనే ఆశను అణచుకోండి, ఆనిస్తే ముఖం నలిగిపోతుంది. ఒక్కో సగాన్ని వేరువేరుగా చిన్న సీసాలో, తేమ పీల్చే గుళికలతో, నమూనా సంఖ్య, తేదీ, వాయువు పేరు రాసి పెట్టండి. హైడ్రోజన్‌ది, ఆర్గాన్‌ది ఒకే పెట్టెలో పక్కపక్క గూళ్లలో ఉండాలి. ఏడాది తరవాత ఎవరైనా వచ్చి మీ అంకెను ప్రశ్నించినప్పుడు ఆ రెండు సీసాలూ కలిపి తీసి బల్ల మీద పెట్టగలగాలి.